అవతార్‌కి జడ కుదరట్లేదా? కూచిపూడి వాళ్ళని అడగాల్సింది!

ఈ రోజు ఎపిసోడ్ ఒక బగ్‌తో మొదలుపెడతాను. బగ్ అంటే భయపడకండి, కోడ్ ఏమీ చూపించను. ఒక జడ కథ చెప్తాను. ఆ జడ పట్టుకుని వెళ్తే దాదాపు మూడొందల యాభై ఏళ్ళు వెనక్కి, మా కృష్ణా జిల్లాలోకి వెళ్ళి తేలాం.

వీడియోల్లోకి రాకముందు నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నానని మీకు తెలుసు కదా. అక్కడ నా ఆఖరి పని, అవతార్లకి బట్టలు తొడగడం. అంటే గేముల్లో, వర్చువల్ ప్రపంచాల్లో మన బదులు తిరిగే బొమ్మ ఉంటుంది చూడండి, దానికి చొక్కా, చెప్పులు, కళ్ళజోడు, నగలు కుదర్చడం. సంక్రాంతికి తెలుగమ్మాయి అవతార్ ఒకటి చెయ్యాలన్నారు. పట్టులంగా, ఓణీ, ఒడ్డాణం, మోకాళ్ళ దాకా పూలజడ. నిలబెడితే బ్రహ్మాండంగా ఉంది. ముగ్గెయ్యడానికి వంగమన్నాం. అంతే, జడ వీపులోంచి దూరి పొట్టలోంచి బయటికొచ్చింది!

దీన్ని మా భాషలో క్లిప్పింగ్ అంటారు. జడని కొంచెం వెనక్కి జరిపాను. వంగినప్పుడు బాగానే ఉంది, నిలబడితే మాత్రం వీపుకి జానెడు దూరంలో గాల్లో వేలాడుతోంది. మళ్ళీ ముందుకి జరిపాను, మళ్ళీ పొట్టలోంచి వచ్చింది. వారం రోజులు ఇదే పని.

ఆ పండక్కి బందరు వచ్చి, ఫోన్లో అమ్మమ్మకి చూపించాను. అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "జడ కొస అలా వదిలేశారేంట్రా?"

"జడంటే అలాగే వేలాడుతుంది కదా అమ్మమ్మా?"

"నువ్వెప్పుడన్నా జడేసుకున్నావట్రా? ఆడేవాళ్ళు జడని వదిలెయ్యరు. ఒడ్డాణం కింద నుంచి తీసి బిగిస్తారు. లేకపోతే తిరిగినప్పుడల్లా మొహానికి కొట్టుకోదూ?"

అమ్మమ్మ పుట్టిల్లు మొవ్వ దగ్గర. కూచిపూడి వాళ్ళ ఆటలు చూస్తూ పెరిగిన మనిషి. తిరిగెళ్ళాక నేను చేసింది ఒకటే. అప్పటిదాకా జడని తల ఎముక ఒక్కదానికే తగిలించాం. నడుము ఎముక దగ్గర రెండో ముడి వేశాను. బగ్ పోయింది. ఆ రోజు నాకొక అనుమానం వచ్చింది. మేం కొత్తగా కనిపెడుతున్నాం అనుకుంటున్న వాటిలో ఎన్ని మా ఊరి పక్కనే ఎవరికో ముందే తెలుసు? ఈ ఎపిసోడ్ ఆ అనుమానమే.

ముందు "అవతార్" అనే మాట సంగతి చూద్దాం. అవతారం అంటే దిగిరావడం. పైనున్న దేవుడు ఒక ఒంట్లోకి దిగొస్తాడు. ఈ మాట కంప్యూటర్లలోకి 1980ల్లో వెళ్ళింది. 1985లో వచ్చిన అల్టిమా ఫోర్ గేము పేరులోనే అవతార్ ఉంది. 1986లో లూకాస్‌ఫిల్మ్ వాళ్ళు హ్యాబిటాట్ అనే ఆన్‌లైన్ ప్రపంచం చేసి, తెర మీద మనిషికి బదులు తిరిగే బొమ్మని అవతార్ అన్నారు. 1992లో నీల్ స్టీఫెన్‌సన్ రాసిన స్నో క్రాష్ నవలతో ఆ మాట అందరి నోళ్ళలో పడింది. 2003లో సెకండ్ లైఫ్ వచ్చింది. అక్కడ జనం నిజంగా డబ్బులు పెట్టి అవతార్లకి బట్టలు, జుట్టు, నగలు కొనడం మొదలుపెట్టారు.

కొన్నాక అసలు తలనొప్పి మొదలయ్యేది. కమ్మలు కొంటే అవి చెవికి కాకుండా బుగ్గలో గుచ్చుకునేవి, ఎందుకంటే అమ్మినవాడి బొమ్మ తల వేరు, నీ బొమ్మ తల వేరు. ఎడిట్ నొక్కి పైకీ కిందకీ, ముందుకీ వెనక్కీ, పక్కకీ జరపాలి, తిప్పాలి, సాగదియ్యాలి. తొలిరోజుల్లో చొక్కా, ప్యాంటు అంటే ఒంటి మీద అంటించిన రంగు బొమ్మలే. విడిగా ఉండే వస్తువు ఏదైనా ఒక్క ఎముకకి తగిలించేవాళ్ళు. అందుకే కూర్చుంటే లంగాలోంచి కాళ్ళు పొడుచుకొచ్చేవి. 2011లో మెష్ బట్టలు వచ్చాయి, ఇవి ఒకేసారి చాలా ఎముకలతో కలిసి కదులుతాయి. 2014లో ఫిట్టెడ్ మెష్ వచ్చింది, నువ్వు లావైతే బట్ట కూడా లావవుతుంది. అప్పటికీ ఒళ్ళు బట్టలోంచి కనబడితే ఆల్ఫా అనే పొర వేసి, ఆ భాగం ఒంటిని మాయం చేస్తారు. బట్ట సరిపోకపోతే మనిషినే చెరిపేస్తారన్నమాట!

ఇప్పుడు కృష్ణా జిల్లాకి వద్దాం. పామర్రు నుంచి చల్లపల్లి వెళ్ళే దారిలో కూచిపూడి వస్తుంది. అదే దారిలో ఇంకా కిందకి పోతే దివిసీమ. ఇంకోపక్క బందరు, అప్పట్లో గోల్కొండ వాళ్ళకి పెద్ద ఓడరేవు. గోల్కొండ ఆఖరి సుల్తాను అబుల్ హసన్, అదే మన తానీషా, ఈ దారిన వస్తూ కూచిపూడి వాళ్ళ ఆట చూసి, మెచ్చి, 1678లో ఊరిని వాళ్ళకి అగ్రహారంగా ఇచ్చాడని చెప్తారు. సిద్ధేంద్రయోగి భామాకలాపం రాసి ఆ కుటుంబాల మగపిల్లలకి నేర్పాడని, ఈ ఇళ్ళలో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని కూచిపూడి సంప్రదాయం.

ఇది ఇంజనీర్ కళ్ళతో చూడండి ఒకసారి. ఊళ్ళో ప్రతి మగవాడి ఒంటి మీదా ఒకే పాత్ర కుదరాలి. పొట్టివాడు, పొడుగువాడు, భుజాలు వెడల్పైనవాడు, అందరికీ అదే సత్యభామ. ఒకే అవుట్‌ఫిట్, వందల రకాల ఒళ్ళు. మేం పదేళ్ళుగా తలలు బాదుకుంటున్న సమస్య ఇదే కదా! వాళ్ళు దీన్ని మూడు రకాలుగా సర్దారని నాకు అర్థమైంది.

మొదటిది బరువు. ఆట రాత్రంతా. కిరీటం, భుజకీర్తులు, మెడలో హారాలు అన్నీ నిజం లోహంతో చేస్తే తెల్లారేసరికి మనిషి పడిపోతాడు. అందుకని నగలని బూరుగులాంటి తేలిక కర్రతో చెక్కి, పైన మెరుపు కాగితం, రంగులు, అద్దాలు అతికేవాళ్ళు. వెలుతురు ఆముదం కాగడాలది. ఆ వెలుగులో దూరం నుంచి చూసేవాడికి అది బంగారమే. గేముల్లో మేమూ ఇదే చేస్తాం. నగలో ప్రతి రాయినీ విడిగా చెక్కితే ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది, అందుకే లోపల చదును, పైన బొమ్మ. మా బందరు పక్కన చిలకలపూడి రోల్డ్ గోల్డ్ కూడా ఈ లెక్కే కదండీ. లోపల రాగి, పైన పల్చటి బంగారం. పెళ్ళిలో చూసేవాళ్ళకి ఏం కనపడాలో అది కనపడుతుంది.

రెండోది ముడి ఎక్కడ వెయ్యాలి అనేది. మన జడ సంగతి. సత్యభామ జడ మామూలు జడ కాదు. తల మీద సూర్యుడు, చంద్రుడు, నాగపడగ, కింద కుచ్చులు. ఆట మొదట్లో అడ్డంగా తెర పట్టుకుంటారు. సత్యభామ ఇంకా కనపడదు, ముందు ఆ జడ మాత్రం తెర మీంచి ఇవతలికి పడుతుంది. నాకంటే గొప్పగా ఆడేవాళ్ళు ఎవరన్నా ఉంటే రండి అని సవాలు! మనిషి కనపడకముందే ఒక యాక్సెసరీ వచ్చి పాత్ర పరిచయం చేస్తుంది. ఏ గేము ఓపెనింగ్ సీనుకైనా ఇంతకంటే ఏం కావాలి చెప్పండి? ఆ జడ కాసేపు చేతిలోకి రావాలి, కాసేపు వీపు మీద కదలకుండా ఉండాలి. ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో తెలిసినవాడే వేషం కట్టగలడు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఒంటినే సర్దడం. మేం సాఫ్ట్‌వేర్‌లో బట్టని ఒంటికి సరిపెడతాం. కూచిపూడిలో చిన్నప్పటి నుంచి ఒంటిని వేషానికి సరిపెట్టారు. భుజాలు విరుచుకోకుండా దించడం, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచడం, అడుగు చిన్నది చెయ్యడం, బరువు నడుము మీదకి తేవడం. ఇవన్నీ కుదిరాకే చీర కుదురుతుంది. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఇందులో శిఖరం. సత్యభామ, ఉష వేషాలకి దేశమంతా పేరు. పద్మశ్రీ అందుకున్నారు, 2012లో పోయారు. మేకప్ లేకుండా మామూలు పంచెలో కూర్చుని ఒక్క చూపు, ఒక్క మెడ విరుపుతో సత్యభామ అయిపోయేవారని ఆయన్ని చూసినవాళ్ళు చెప్తారు. అంటే అవుట్‌ఫిట్ తీసేసినా అవతార్ మిగిలింది.

ఫిట్టింగ్ చెడితే ఏమవుతుందో చెప్పడానికి కూడా మా వైపే ఉదాహరణలు ఉన్నాయి. పామర్రు మండలం నిమ్మకూరులో 1923లో పుట్టిన ఎన్.టి.రామారావు గారి కథ చూడండి. విజయవాడ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ గారు "రాచమల్లుని దౌత్యం" నాటకం వేయిస్తూ ఈయనకి నాగమ్మ వేషం ఇచ్చారు. ఈయన మీసం తీయనన్నారు. మీసంతోనే ఆడారు. "మీసాల నాగమ్మ" అని పేరు పడిపోయింది. అవతార్‌కి ఒక్క యాక్సెసరీ రిమూవ్ కాకపోతే పాత్ర పేరే మారిపోతుంది, చూశారా!

తర్వాత కృష్ణుడి వేషం. 1954లో "ఇద్దరు పెళ్ళాలు" సినిమాలో ఒక కలలాంటి దృశ్యంలో ఆయన కృష్ణుడిగా కాసేపు కనపడ్డారు. జనానికి నచ్చలేదు. అందుకే "మాయాబజార్"లో కృష్ణుడు అనగానే వెనకాడారు. దర్శకుడు కె.వి.రెడ్డి గారు పట్టుబట్టి, ఈసారి దుస్తులు, నిలబడే తీరు, కదలిక అన్నీ ప్రత్యేకంగా చూసుకున్నారు. 1957 మార్చి 27న సినిమా వచ్చింది. ఆ తర్వాత తెలుగువాళ్ళకి కృష్ణుడంటే ఆయన మొహమే. మూడేళ్ళ ముందు అదే మనిషి, అదే మొహం. మారింది ఫిట్టింగ్.

అదే సినిమాలో రెండో పాఠం మాయా శశిరేఖ. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉంటాడు. బట్టలు, నగలు, జడ అన్నీ పక్కాగా సరిపోయాయి. కానీ లోపల ఉన్నది రాక్షసుడు కాబట్టి నడక అప్పుడప్పుడూ జారిపోతుంది. సావిత్రి గారు ఆ జారడాన్ని నటించారు. మాకు ఇది రోజూ ఎదురయ్యే బగ్. మగ అవతార్ నడకని ఆడ అవతార్‌కి పెడితే సరిగ్గా ఇలాగే ఉంటుంది. మేం దాన్ని ఫిక్స్ చేస్తాం, ఆవిడ దాన్ని తెలిసి చేసి అరవై ఏళ్ళకి పైగా నవ్విస్తున్నారు. 2010లో ఈ సినిమాకి హైదరాబాద్‌లో గోల్డ్‌స్టోన్ వాళ్ళు కంప్యూటర్లతో రంగులు వేశారు. అప్పుడు మళ్ళీ ఎవరో కూర్చుని శశిరేఖ చీర ఏ రంగో, కృష్ణుడి ఉత్తరీయం ఏ రంగో ఫ్రేము ఫ్రేముకీ నిర్ణయించాల్సి వచ్చింది. అంటే ఒకే వేషానికి రెండోసారి బట్టలు తొడిగారు.

1963లో "నర్తనశాల". అర్జునుడు బృహన్నలగా మారాలి. నలభై ఏళ్ళ వయసులో రామారావు గారు కూచిపూడిలో పుట్టిన వెంపటి చినసత్యం గారి దగ్గర నాట్యం నేర్చుకున్నారు. కాలేజీలో మీసం తీయనన్న మనిషి, ఇప్పుడు వేషం కోసం మొత్తం ఒంటిని మళ్ళీ నేర్పుకున్నాడు. నిమ్మకూరు నుంచి కూచిపూడి ఎంతో దూరం లేదు. ఆ దూరం నడవడానికి ఆయనకి ఇరవై ఏళ్ళు పట్టింది అనుకోవచ్చు.

గుడివాడ వైపు వస్తే అక్కినేని నాగేశ్వరరావు గారు. గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టి, ఆడవేషాలు కడుతూ నాటకాల్లో పెరిగారు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు స్టేజీ ఎక్కడం అరుదు కాబట్టి సన్నగా ఉన్న కుర్రాళ్ళకి చీర కట్టేవాళ్ళు. తెలుగు సినిమా ఇద్దరు పెద్ద హీరోలూ కొద్ది మైళ్ళ తేడాలో పుట్టారు, ఇద్దరికీ తొలి పాఠాల్లో ఒకటి ఆడవేషం!

ఇక్కడిదాకా వింటే అబ్బా ఎంత బాగుంది అనిపిస్తుంది. కానీ ఆగండి. ఆడవాళ్ళు స్టేజీ ఎక్కడం అరుదు అన్నాను కదా, దాన్ని అలా దాటేసి వెళ్ళిపోతే తప్పు.

గేములో అవతార్ బీరువా అందరికీ తెరిచి ఉంటుంది. కూచిపూడి బీరువాకి మాత్రం తాళం ఉండేది. కొన్ని బ్రాహ్మణ కుటుంబాలు, వాళ్ళలో మగవాళ్ళు మాత్రమే. సత్యభామ అనే ఆడమనిషి పాత్ర చుట్టూ ఇంత కళ అల్లి, ఆ ఇళ్ళలోని ఆడపిల్లల్నే తెర అవతల కూర్చోబెట్టారు. మరి ఆడవాళ్ళు భామాకలాపం ఆడలేదా అంటే, ఆడారు. గోదావరి వైపు కళావంతుల కుటుంబాల స్త్రీలు భామాకలాపం, గొల్లకలాపం ఆడేవారు. కానీ వాళ్ళకి గౌరవం కరువై, 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చాక ఉన్న వేదికలూ పోయాయి. అదే పాత్ర మగవాడు కడితే సంప్రదాయం, ఆడది కడితే అపవాదు. జడ ఒకటే, ఎవరి తల మీద ఉందన్నదాన్ని బట్టి విలువ మారింది.

తాళం తీసినవాళ్ళు కూడా కూచిపూడి వాళ్ళే. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గారు ఆడవాళ్ళకి నేర్పడం మొదలుపెట్టారు. వెంపటి చినసత్యం గారు మద్రాసులో 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఎంతోమంది అమ్మాయిలకి నేర్పారు. ఆయన శిష్యురాలు శోభానాయుడు గారు సత్యభామగా దేశాలు తిరిగారు. ఇప్పుడు సత్యభామే కాదు, కృష్ణుడి వేషం కూడా అమ్మాయిలే కడుతున్నారు. ఒకప్పుడు మగవాడు ఆడ అవతారంలోకి వెళ్ళినట్టే, ఇప్పుడు ఆడపిల్ల మగ అవతారంలోకి. నాకిది చాలా సంతోషం.

కానీ ఒక తలుపు తెరుచుకుంటే ఇంకోటి మూసుకుపోతోంది. మగవాళ్ళు స్త్రీవేషం కట్టడం తగ్గిపోయింది. కట్టే కుర్రాడిని ఈ రోజు రీల్స్ కింద ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. విచిత్రం ఏంటంటే, అదే కుర్రాళ్ళు గేములో ఆడ అవతార్ తీసుకుని, దానికి డబ్బులు పెట్టి డ్రెస్సులు కొంటారు. అక్కడ తప్పు లేదు, ఇక్కడ ఎగతాళి!

నా అసలు బాధ వేరే ఉంది. భామాకలాపం పాటలు పుస్తకాల్లో ఉన్నాయి. ఆటలు యూట్యూబ్‌లో ఉన్నాయి. కానీ వేషం కట్టే ఆ రెండు గంటలు ఎక్కడున్నాయి? మొహానికి అర్దళం ఎలా పూస్తారు, వెడల్పు భుజాలు తెలియకుండా రవిక ఎలా కుట్టిస్తారు, అంత బరువు జడ తల మీద జారకుండా ఎన్ని ముళ్ళు వేస్తారు, ఒడ్డాణం ఎంత బిగిస్తే ఊపిరి ఆడుతుంది, ఎంత వదిలితే జడ ఊడుతుంది. ఇదంతా వేళ్ళకి మాత్రమే తెలిసిన విద్య. తెర తీశాక కెమెరాలన్నీ ఆన్ అవుతాయి. తెర వెనక జరిగేది ఎవరూ తియ్యరు. మా అమ్మమ్మ ఒక్క మాట నా వారం రోజుల పనిని తేల్చేసింది. ఆ మాట అమ్మమ్మ కూడా ఎప్పుడో తెర వెనకాల తొంగిచూసి తెచ్చుకున్నదే.

అందుకే ఈసారి మిమ్మల్ని ఒక పని అడుగుతున్నాను. మీ ఊళ్ళో కూచిపూడి కావచ్చు, యక్షగానం కావచ్చు, పౌరాణిక నాటకం కావచ్చు, పగటివేషాలు కావచ్చు, వేషం కట్టే పెద్దవాళ్ళు ఎవరన్నా ఉంటే, ఆట కాదు, ఆటకి ముందు కట్టుకునేది వీడియో తియ్యండి. వాళ్ళని అడిగి, ఒప్పుకుంటేనే. పక్కన కూర్చుని, "బాబాయ్, ఈ ముడి ఇక్కడే ఎందుకు?" అని అడగండి. వాళ్ళు చెప్పే ఆ చిన్న జవాబు కోసమే.

వచ్చే సంక్రాంతికి నేను బందరులోనే ఉంటాను. అమ్మమ్మ ఒడ్డాణం, ఒక సవరం జడ, నా ఫోన్. జడ కొస ఎలా బిగించాలో ఆవిడ చేతే చేయించి, మీకు చూపిస్తాను. ఎవరి తలకి కట్టాలి అంటే, "నీకే కడతాన్రా, కూర్చో" అంది. సరేనన్నాను. ఉంటాను మరి, నమస్తే.